పావు చుట్టు

నాది లాన్సియా ఫుల్వియా, డెబ్భై ఒకటిలో పుట్టింది.
ఎదురింటి ఒత్తావియోది ఆల్ఫా రోమియో, నా దానికి మూడేళ్ళు అక్క.
నాది ముందు చక్రాలతో లాగుతుంది,
అతనిది వెనక చక్రాలతో తోస్తుంది.
ఈ ఒక్క ముక్క మీద
ముప్ఫై ఒక్క ఏళ్ళు పోట్లాడుకున్నాం.

బియెల్లాలో ఉన్ని మిల్లులు ఇంకా మోగుతున్న రోజుల్లో
నేను మగ్గాల మెకానిక్కుని.
రెండొందల మగ్గాల రొదలో
ఏది పోగు తెంపబోతోందో
చెవికన్నా ముందు వీపుకి తెలిసేది.
మిల్లు పోయింది. వీపు మిగిలింది.
ఇప్పుడు దాంతోనే కారు నడుపుతాను.

మూత ఎత్తితే నా ఇంజన్
ఒక పక్కకి ఒరిగి
భోజనమయ్యాక నడుం వాల్చినట్టుంటుంది.
"నిటారుగా నిలబడలేనిది, అదీ ఒక ఇంజనేనా ఎర్సీలియా?"
"నీది నిలబడుతుంది సరే,
చలిపొద్దున రెండో గేరు వెయ్యి చూద్దాం,
వీధి కుక్కలన్నీ లేస్తాయి."
తుప్పు ఊసు మాత్రం ఎత్తేవాళ్ళం కాదు.
అది ఇద్దరిళ్ళలోనూ ఉన్న జబ్బు.

ఆదివారాలు ఒరోపా కొండదారి.
పై మలుపులో, కాలిన బ్రేకుల వాసనలో ఆగి
కార్లని కాస్త వెనక్కి నెట్టి
కింద కంకర మీద నూనెచుక్కలు లెక్కపెట్టేవాళ్ళం
ఇద్దరం మోకాళ్ళ మీద,
పోగొట్టుకున్న ఉంగరం వెతుకుతున్నట్టు.
ఎవరిది ఎక్కువ కారితే వాళ్ళది కాఫీ ఖర్చు.
ఎక్కువసార్లు అతనే కట్టాడు. అది రాసి పెట్టుకున్నాను కూడా.

మొన్న అక్టోబరులో కంటి డాక్టరు తల అడ్డంగా ఊపింది.
లైసెన్సు మళ్ళీ రాలేదు.
వారం రోజులు అతని కిటికీ తెరుచుకోలేదు.
ఎనిమిదో రోజు వచ్చి
నేను స్పానర్లు తుడుచుకునే గుడ్డ మీద
తాళం చెవి పెట్టాడు.
"నిలబెడితే బిగుసుకుపోతుంది.
వారానికోసారి తిప్పి తీసుకురా.
తిట్టుకుంటూ తిప్పినా సరే."

తిట్టుకుంటూనే ఎక్కాను.
మూడో మలుపులో అది తోక విసిరి
నేను భయపడేలోగా తనే సర్దుకుంది.
నాకు నవ్వొచ్చింది,
ఒక్కదాన్నే, గట్టిగా.
పొరుగింటి పుల్లకూర రుచి అని
ఊరికే అనలేదు.
ఈ సంగతి అతనికి తెలియదు, తెలియనవసరం లేదు.

ఒక్కటే లోపం.
ఆగి ఉన్నప్పుడు ఏడెనిమిది చప్పుళ్ళకోసారి
ఒక తడబాటు, మెట్టు తప్పిన పాదంలా.
మూడో సిలిండరు. కార్బురేటర్ స్క్రూ
పావు చుట్టు తిప్పితే పోతుంది.
ఇన్నేళ్ళూ నాకు తెలుసు.
పోటీవాడికి ఎందుకు చెప్తాను?

తిప్పాను.
ఇంజన్ కొత్త మగ్గం మీద సన్నపోగులా సాగింది.
గర్వంగా అతని బాల్కనీ కింద తెచ్చి ఆపాను, ఇంజన్ కట్టకుండా.
ఒత్తావియో కమ్మీ పట్టుకుని
తల ఒక పక్కకి వంచి
చాలాసేపు విన్నాడు.
"ఎవరిది ఎర్సీలియా, ఆ కారు?" అన్నాడు.

ఆ రాత్రి టార్చి పళ్ళ మధ్య కరిచి పట్టుకుని
స్క్రూ వెనక్కి తిప్పాను.
వేలికి వేడి తగిలి బొబ్బ కూడా వచ్చింది.
ముప్ఫై ఒక్క ఏళ్ళలో
బాగున్నదాన్ని చెడగొట్టడం అదే మొదటిసారి.

మళ్ళీ ఆదివారం
వీధి మొదట్లో ఉండగానే పైనించి కేక:
"అదిగో, వచ్చేసింది!"
తర్వాత, కిందికి చూడలేని కళ్ళతో కిందికి చూస్తూ
"ఎన్ని చుక్కలు?" అన్నాడు.
వంగి చూశాను. పదకొండు.
"రెండు" అన్నాను.
"నీదో?"
"నాలుగు."
"నే చెప్పలా!" అన్నాడు కమ్మీ మీద చరుస్తూ.
పర్సు తీసుకుని
కాఫీకి వెళ్ళాను.