తొమ్మిది గంటల సున్నా

డబ్బోలో మా ఆఫీసు టైర్ల కొట్టు పైన.
కింద గాలి మిషను దడదడలాడినప్పుడల్లా
పైన నా కాఫీలో అలలు.
గోడ పొడుగునా మోడెములు, అరవై నాలుగు,
ఒక్కో ఎర్రచుక్క ఎక్కడో ఒక్కో ఇల్లు.

నింగన్ అవతలి గొర్రెల దొడ్డి నుంచి
డల్సీ హార్‌గ్రేవ్ ఫోన్ చేసింది.
(ఊరిపేరులో నింగి ఉందని ఆ ఆఫీసులో
నాకొక్కడికే తెలుసు.)
"కనెక్టవుతుంది బాబూ. కబురే వెళ్ళదు."

రోజూ పొద్దున తొమ్మిదికి వానగొట్టం చూసి
వాతావరణం వాళ్ళకి ఒక్క అంకె పంపుతుందట.
రెండేళ్ళుగా దాదాపు అన్నీ సున్నాలే.
సున్నాయే కదా, ఓ రోజు పోతే ఏమన్నాను, నోరు జారి.
అటువైపు కాసేపు ఊపిరి మాత్రమే.
"వాన పడలేదనడం వేరు,
నేను చెప్పలేదనడం వేరు."

వంటింటి ఫోన్ పీకించాను. ఫ్యాక్స్ పీకించాను.
వేగం ముప్పై మూడు వేల నుంచి పద్నాలుగు వేలకి దించి
బాలింతని నడిపించినట్టు నడిపించాను.
ఆ ఇంటికున్నది ఒకటే తీగ.
మాట్లాడుతుంటే పరీక్ష లేదు,
పరీక్ష పెడితే మాట లేదు.
నేను చెప్పడం, ఆవిడ పాత కవరు వెనక రాసుకోవడం,
పెట్టెయ్యడం, మోడెం గొంతు చించుకోవడం,
పావుగంటకి మళ్ళీ ఆవిడే:
"నాలుగు పంపితే మూడొచ్చాయి."
"నాలుగు పంపితే రెండు."
"ఈసారి నాలుగూ వచ్చాయి, నన్ను వెర్రిదాన్ని చేస్తూ."

పోయినవి ఎక్కడికి పోతాయని అడిగింది.
నాకు తెలిస్తే కదా.
వరస నంబర్లలో ఓ పన్ను ఊడిన సందు, అంతే.

మూడో రోజు, ఏ తేదీల్లో పోయాయో డైరీ చూసి చదవమన్నాను.
మే నాలుగు. మే పంతొమ్మిది. జూన్ రెండు, మూడు.
ఆ రోజుల అంకెలూ చదవమన్నాను.
రెండు మిల్లీమీటర్లు. ఆరు. నాలుగున్నర. ఒకటి.
చదువుతూ చదువుతూ ఆవిడే ఆగిపోయింది.

సున్నాలన్నీ భద్రంగా చేరాయి.
వాన ఒక్కటే దారిలో పోయింది.

మాట్లాడకండి, ఫోన్ అలాగే పట్టుకోండి, అన్నాను.
గరగర. దాని అడుగున, పలచగా,
టిక్.
మళ్ళీ ఓ క్షణం పైచిలుకు ఆగి, టిక్.
గదిలో గడియారం ఉందా?
"తొంభై వరదకే ఆగిపోయింది అది."

క్రెగ్ మాంసం పై నములుతూ వచ్చి
రిసీవర్‌కి చెవి ఆనించి, రెండు టిక్కులు విని
"కంచె" అని వెళ్ళిపోయాడు.

గొర్రెలు దాటకుండా కరెంటు తీగ.
రాత్రీ పగలూ దానికో నాడి.
ఎండలో తన హద్దులో తానుంటుంది.
నాలుగు చినుకులు పడ్డాయా,
తీగ మీద వాలిన తడిగడ్డి దాన్ని తాగి
నేలలోకి దించుతుంది. నేలలోనే, పక్కనే,
మా టెలిఫోను కేబులు.
ప్రతి టిక్కుకీ ఓ పాకెట్టు నేలకూలుతుంది.

సాయంత్రం ఆయాసపడుతూ ఫోను:
"దొరికింది! మూడో గేటు దగ్గర పింగాణీ బుడిపె పగిలి
తీగ కింద పడుంది. మోకాలెత్తు గడ్డిలో.
గడ్డి, బాబూ! నా పొలంలో!"
బుడిపె మార్చిన సంగతి ఆ తర్వాత ఎప్పటికో చెప్పింది.

ఫిర్యాదు మూసెయ్యమంటాడు క్రెగ్.
తడవకుండా ఏది బాగైందని రాయను?
నలభై ఒక్క రోజులుగా నాలుగుకి నాలుగు,
సున్నా వెనక సున్నా, ఒక్కటీ తప్పిపోలేదు.

ఇవాళ మా రేకుల మీద ఏదో చప్పుడు.
అది వానో, కింద కుర్రాళ్ళు బోల్టులు దొర్లిస్తున్నారో.
ఎనిమిది యాభై ఆరు.
కాఫీ పక్కకి నెట్టి
పదిహేడో చుక్క వైపు చూస్తున్నాను.