ఏలుచుండగాను

డిండి వాగు ఒడ్డున, అండాలు పత్తిచెల్కలో
బర్రెను కట్టేసే రాయి అది.
ముందు పేడ కడిగాను. తర్వాత నాచు.
తడి కాగితం పరిచి కుంచెతో కొడుతుంటే
ఒక్కో అక్షరం నిద్రలోంచి
మోచేతుల మీద లేచినట్టు లేచింది.

స్వస్తి అని ఉంది. శకవర్షాల్లో ఒక అంకె పోయింది.
నాలుగో వరుసలో ఆమె: నూంకసాని.
తండ్రికి కొడుకుల్లేరు.
ఏడు బురుజులు, మూడు వందల గుర్రాలు,
రెండేళ్ళుగా రాని ఉప్పు సుంకం
ఒక్క రాత్రిలో పదహారేళ్ళ పిల్ల ఒళ్ళో పడ్డాయి.
బిరుదులు మాత్రం తండ్రివే,
కొలతలు తియ్యకుండా తొడిగేశారు.
మీసరగండ అట.
ఆమెకు మీసం లేదన్న సంగతి
రాయికి ఎవరూ చెప్పలేదు.

పెండ్లి మాట ఎనిమిదో వరుస.
కృష్ణ ఆవలి గట్టు నుంచి వచ్చాడు వరుడు,
నలభై ఏనుగులతో,
పడవంటే భయపడే ఒక తల్లితో.
ఈ దిక్కున దాన్ని ఇల్లుటం అంటారు.
రాజుల ఇళ్ళలో వేరే మాట ఉండేదేమో, శాసనంలో లేదు.
ఏనుగులు ఎవరివో ఉంది. ముద్ర ఎవరిదో ఉంది.
శిక్షా ఆమెదే, క్షమా ఆమెదే.
ఆయన పేరు దగ్గరకొచ్చేసరికి
రాయి నున్నబడింది.
ఎన్నేళ్ళ నుంచో పలుపు అక్కడే ఒరుసుకుంటోంది.
చివరి రెండక్షరాలు మిగిలాయి: రాజు.

ఆ తర్వాత ఆమె చేసింది
మన ఇళ్ళల్లో కుండమార్పు అనే పనే.
తన బిడ్డను పడమటి కోటకు ఇచ్చి
వాళ్ళ పిల్లను కొడుక్కి తెచ్చుకుంది.
రెండు పల్లకీలు ఒకే దారిలో ఎదురుపడి ఉంటాయి,
ఎవరు ఎవరికి తప్పుకున్నారో.
మధ్యలో ఒక కాలువ,
వారానికి నాలుగు దినాల నీళ్ళు.
బిడ్డ పేరు చెక్కలేదు. కాలువ పేరు చెక్కారు,
కూచమ కాలువ.
అదే బిడ్డ పేరని అనుకోవాలని ఉంది నాకు.
ఆధారం లేదు.

అండాలు గట్టు మీద సద్ది మూట విప్పింది.
"ఏం రాసిండ్రు సారూ?"
"ఒకామె ఈ నేలను ఏలిందట."
"మొగడో?"
"ఇల్లుటం వచ్చిండట."
నోట్లో ముద్ద ఉంది, మూతికి చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.
"మా ఇస్తారి గూడ గట్లనే వచ్చిండు.
పాసుబుక్కు నా పేరు మీద.
సంతకం పెట్టే కాడ మాత్రం ఆయన నిలవడ్తడు."
ఉల్లిగడ్డను రాతి అంచున పెట్టి
పిడికిలితో ఒక్కటిచ్చింది.
సుంకాల వరుస మీద.

చివరి వరుస ఎండ మాడుతుండగా దొరికింది.
ఏలు అని చెక్కి
వేలెడు జాగా వదిలి ఆగాడు శిల్పి.
ఆ ఖాళీలో అతని ఉలి తడబాటు ఉంది,
గోరంత గాటు.
రాజైతే ఏలుతున్నాడు.
రాణి అయితే ఏలుతోంది.
వాగు పారుతోంది, బర్రె మేస్తోంది అన్నట్టే.
మన మాట
ఆడదానికీ గొడ్డుకూ ఒకటే తోక తగిలించింది.
ఇప్పుడు మనం మాట్లాడేది అది.
అప్పుడు అతని నాలుక మీద ఏముందో నాకు తెలియదు.
ఆలోచించి, ఏ తోకా లేకుండా
ఏలుచుండగాను అని పెట్టాడు.
మగ కాదు, ఆడ కాదు,
ముగింపూ కాదు.
ఆమె అట్లా ఏలుచుండగాను
ఏం జరిగిందో చెప్పే వాక్యం
రాయి విరిగిన చోటు కింద, మట్టిలో ఉంది.

కాగితం ఆరేదాకా
బర్రెను ఇంకోచోట కట్టమన్నాను.
"యాడ గట్టాలె?" అంటూ
అండాలు నడుము మీద చెయ్యేసుకుని
చెల్కంతా ఒక్కసారి చూసింది,
ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా.