ఏడో గడి

ములుగు ఠాణా మాల్‌ఖానల
నా రిజిస్టర్‌కు పదకొండు గడులు.
సారా క్యాన్లు, దొంగ టేకు దుంగలు,
పెండ్లిల కొట్టుకుంటే విరిగిన కుర్చీ కాలు,
అన్నీ పట్టినయి ఇన్నేండ్లు.

నిన్న పొద్దుగూకినంక
తాడ్వాయి అడివిల తవ్విన నీలం డ్రమ్ము తెచ్చి
బల్ల మీద బోర్లించిండ్రు.
ముందు ఉప్పు రాలింది. తర్వాత చెదలు.
ఆఖరికి గోనెసంచిల చుట్టిన
పొడుగాటి మిషిన్ గన్,
తానానికి ముందటి పసిపిల్ల లెక్క
ఒళ్లంత నూనె.

పట్నం నుంచి వచ్చిన సారు
కండ్లద్దాలు తుడిచి, మళ్ల తుడిచి,
"ఇది ఈడ ఉండేది కాదమ్మా" అన్నడు,
జాతరల తప్పిపోయిన పిల్లను చూసినట్టు.
మంచు పడే దేశంల చేసిండ్రట.
మూడు వందలకు మించి చెయ్యలేదట.
ఆ కార్ఖాన మూతబడి, ఆ దేశం పేరే మారిందట.
బొమ్మల పుస్తకంల తప్ప
ఆయన సుత ఎన్నడు చూడలేదట.

ఎన్ని చేతులు మారినవే నువ్వు?
ఇనుము మీద ఏదో రాత ఉన్నది,
ముగ్గు మొదలుపెట్టినామె
వానకు లేచిపోయినట్టు, సగం సగం.
దాని మీద ఇంకో దేశపోడు ఇంకో రాత కొట్టిండు.
దాన్ని ఇంకెవడో ఆకురాయితోని గీకిండు.
ఏ ఖర్జూరం పెట్టెల పండుకొని సముద్రం దాటినవో,
ఏ లారీల, ఏ ఉల్లిగడ్డ సంచుల కింద,
ఎంతకు అమ్ముడుపోయినవో.
భుజానికి ఆనించుకునే కట్టె మాత్రం మనదే.
తాడ్వాయి టేకు.
వాసన చూస్తే తెలుస్తది.

సారు ఫోటోలు తీస్తుంటే నేను టార్చి పట్టిన.
గుర్రం కింద చిన్న ఇనుప నాలుక.
అది మంచు దేశానిది కాదు,
మిషిన్ల పుట్టింది కాదు.
సుత్తె దెబ్బ మీద సుత్తె దెబ్బ.
దాని అంచున
మూడు చుక్కలు.

కోతలప్పుడు కొడవండ్లు కలిసిపోతయని
మా నాయిన ప్రతి కొడవలి మీద కొట్టే చుక్కలు.
రెండు పక్కపక్కన, ఒకటి పైన.
పొయ్యిరాళ్లు అనేది మా అమ్మ.

నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు
ఒక వానరాత్రి ఇద్దరొచ్చిండ్రు, గొంగడి కప్పుకొని.
ఒకని అరచేతిల విరిగిన ముక్క.
"గిసొంటిదే ఇంకోటి కావాలె, సదానందం బాపూ."
ఏందానిదని మా నాయిన అడగలే.
అడిగే కాలం గాదు అది.
తిత్తి నేనే ఊదిన.
తెల్లారేదాక కాల్చి, కొట్టి, నీళ్లల ముంచి,
చుయ్యిమన్న సప్పుడుకు తలకాయ ఊపి,
అలవాటు కొద్ది చుక్కలు సుత కొట్టిండు.
పైసలిస్తే తీసుకోలే.
"మోటరు ముక్క కావచ్చు,
ఎవలిదో పొలం ఎండుతున్నదేమో" అన్నడు పొద్దున.
అమ్మ పొయ్యిల ఊదుకుంట కూసున్నది,
మాట్లాడలే.
వానకాలంల ఎవలి పొలం ఎండుతది?

ఆ నాలుక ఎన్నిసార్లు కదిలిందో.
ఎవలి మీదికో.
అటు ఉన్నోళ్లు మా తోటి బడికి వచ్చినోళ్లే,
ఇటు ఉన్నోళ్లు ఇయ్యాల నేనేసుకున్న బట్టలోళ్లే.
నాకు తెల్వదు.
తెలుసుకోవాల్నని ఉన్నదో లేదో
అది సుత తెల్వదు.

సారు చెప్తున్నడు, నేను రాస్తున్న.
పొడుగు. బరువు. దొరికిన జాగ.
ఏడో గడి: తయారైన దేశం.
ఎవలినో అడగాలని
సారు ఫోన్ పట్టుకొని కిటికీ కాడికి పోయిండు.
సిగ్నల్ లేదు.
"దాన్ని ఖాళీ ఉంచు" అన్నడు.

లక్క కరిగించి ముద్ర కొడుతుంటే
కొలిమి యాదికొచ్చింది.
నాయిన పోయి నాలుగేండ్లు.
ఆయన చేసిన కొడవలి ఒకటి మా వంటింట్ల
గుమ్మడికాయలు కోసుడుకు ఇంకా ఉన్నది,
తుప్పు పట్టలే.

అందరు పోయినంక
రిజిస్టర్ మళ్ల తెరిచిన.
ఏడో గడిల పెన్ను మొన ఆనించిన.
ఒక చుక్క.
దాని పక్కన ఇంకోటి.
మూడోది పెట్టేలోపల కరెంటు పోయింది.
చీకట్ల అట్లనే కూసున్న,
నూనె వాసనకు పక్కన,
పెన్ను మూత పెట్టకుండ.