సన్నం ఫోర్ ఖాతా

బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్ల కింద గది నా సౌండ్ సర్వీస్.
పెళ్లిళ్లకి ఒక పుస్తకం, సభలకి ఒకటి,
చావులకి తెల్ల అట్టది.
ఎందులోనూ ఇమడని నలుగురికి
విడిగా ఖాతా తెరిచాను, ఎనభై ఆరు ఆగస్టులో.

పొగాకు కొనడానికి హాలండ్ నుంచి వచ్చిన దొర
లాడ్జిలో ఒక క్యాసెట్టు మర్చిపోయాడు.
పైన కాగితం చెమటకి చెరిగిపోయింది,
ఆ బ్యాండు పేరేమిటో ఇప్పటికీ ఎవడికీ తెలియదు.
రూమ్ బాయ్ నాగూర్ విన్నాడు,
చర్చిలో గిటారు వాయించే ప్రభుదాసుకి వినిపించాడు.
ప్రభుదాసు వారం రోజులు సరిగా అన్నం తినలేదు.
గాలి సోకిందని వాళ్లమ్మ ప్రార్థన పెట్టించింది.

రిహార్సల్ మిర్చి గోడౌన్లో, టిక్కీల మధ్య.
చక్రధర్ గొంతులో ఆ బొంగురు
సాధన వల్ల వచ్చిందనుకునేవాళ్లు కుర్రాళ్లు.
కాదు, ఘాటు.
పల్లవికీ చరణానికీ మధ్య దగ్గేవాడు,
ఆ దగ్గు కూడా తాళంలోనే పడేది.
గోనెల మీద ముద్ర చూసి గుమాస్తా పేరు పెట్టాడు:
సన్నం ఫోర్.
నలుగురు కదా, సరిపోయింది.

తర్వాతెప్పుడూ సరిపోలేదు.
డ్రమ్ముల శేషాచలానికి గుంతకల్లు రైల్వేలో ఉద్యోగమొచ్చింది,
పుల్లలు నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ముగ్గురు.
డప్పు కొట్టే ఏసోబుని పట్టుకొచ్చారు.
"కూచుని కొట్టడమేంటండీ, దెబ్బకి బరువు రాదు" అని
స్టూలు తన్నేసి నిలబడే కొట్టేవాడు.
తెనాలి నుంచి కీబోర్డు పిల్లాడొకడు చేరాడు. ఐదుగురు.
పేరు మాత్రం ఫోరే.

ఎనభై ఎనిమిది మార్చి, కాలేజీ డే. రెండు బాక్సులు, ఒక మిక్సరు.
సినిమా పాట, సినిమా పాట అని ఒకటే అరుపులు,
సోడా మూతలు. ఒక ట్వీటరు పోయింది.
బాకీ నూట నలభై.
తర్వాతి శివరాత్రి, కోటప్పకొండ,
ఎవరో మిల్లు యజమాని కట్టించిన ప్రభ ముందు.
రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
గిటార్లు చచ్చిపోయాయి. ఏసోబు ఆపలేదు.
ఇరవై నిమిషాలు, చీకట్లో, ఒక్కడే.
కొండ కింద అంత జనం, ఒక్క పిల్ల ఏడవలేదు.
ఆ రాత్రి పద్దు నా పుస్తకంలో లేదు.
రాయడం మర్చిపోయాను.

తొంభై ఒకటి, గాంధీనగర్ స్టూడియో, బెజవాడ,
అర్ధరాత్రి రేటుకి. ఐదొందల క్యాసెట్లు.
అమ్మింది అరవై రెండు,
అందులో పదకొండు ప్రభుదాసు వాళ్లమ్మే కొంది.

విడిపోవడం పెద్ద గొడవేం కాదు.
ఒంగోలు బస్టాండులో
ఐదు టీల డబ్బులు ఎవరివ్వాలనే దగ్గర.

మిగిలిన మూట చాన్నాళ్లు నా అటక మీదే ఉంది.
ప్రత్తిపాడు రైతొకడు అడిగి పట్టుకెళ్లాడు,
టేపు లాగి జొన్నచేను చుట్టూ కట్టాడు.
చూడ్డానికి వెళ్లాను.
గాలి వీస్తే చేనంతా బుయ్యిమంటోంది,
చిలక ఒక్కటి వాల్తే ఒట్టు.
రెండో వైపు మూడో పాటేమో.
అంత పెద్ద హాలు వాళ్లకెప్పుడూ దొరకలేదు.

మొత్తం బాకీ పదకొండు వందల నలభైకి
చక్రధర్ నోటు రాసిచ్చాడు.
కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర కూచుంటాడిప్పుడు.
మూడేళ్లకోసారి, గడువు దాటకముందే వచ్చి
ఓ పది రూపాయలిచ్చి
నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడతాడు.
కాలదోషం పట్టకూడదు కదా మామా, అంటాడు.
తీర్చేయమని నేనడగను,
తీరుస్తానని వాడూ అనడు.
కాసేపు దగ్గి వెళ్లిపోతాడు.

ఈసారి గడువు శ్రావణంలో.
నిన్ననే వచ్చాడు, జేబులో చెయ్యి పెట్టకుండా నిలబడ్డాడు.
రెండు బాక్సులు ఇప్పుడెంత, అన్నాడు.
తర్వాత చాలాసేపటికి, ఏసోబెక్కడున్నాడు, అన్నాడు.
మోకాళ్లు పోయాయట, అన్నాను.

కూచునే కొడతాళ్లే.