ఇండెంటు

పాత పోస్టాఫీసు వెనక, హార్బరు గోడకి ఆనుకుని
ఓడలకి సరుకులేసే కొట్టు మాది.
ఇరవై రెండేళ్ళుగా నేను రాసేవి మూడే:
పేరు, తూకం, వెల.
పేరు దగ్గర ఎప్పుడూ తగువు రాలేదు
మొన్నటి మంగళవారం దాకా.

ఇనుప ఖనిజం ఎత్తడానికొచ్చిన ఓడ.
వెనక కొయ్యకి పనామా జెండా.
వంటవాడు తాన్ పనామా చూళ్ళేదు,
రెండో ఇంజనీరు నామ్ చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు.
ఆ జెండా మీద ఎవరికీ పట్టింపు లేదు,
ఆరేసి మర్చిపోయిన తువ్వాలులా
మసి పట్టి వేలాడుతోంది.

తగువు క్యాబేజీ దగ్గరొచ్చింది.
కిందటి రేవులో ఊరేసిన జాడీ ఒకటి
రుచి చూడమని తెచ్చాడు తాన్,
ఇంకో నలభై కిలోలకి సరుకు కావాలన్నాడు,
దాని పేరు తన భాషలో చెప్పాడు.
నామ్ నా చేతిలో పెన్ను పట్టుకున్నాడు.
లాక్కోలేదు. పట్టుకున్నాడు.
"అది మా అమ్మ పేరు లాంటిది" అన్నాడు
ముక్కలు ముక్కల ఇంగ్లీషులో,
"మార్చి రాయకు."
తాన్ నవ్వాడు. ఆ నవ్వే చెడగొట్టింది.
"మా ముత్తాతలు ఉప్పేసేనాటికి
మీవాళ్ళు మాకు కప్పం కట్టేవాళ్ళు."
ఇక జాడీ మీదుగా ఇద్దరూ
ఏ శతాబ్దంలోవో రాజుల్ని విసురుకున్నారు,
ఒక గోడ, ఒక కొండ, ఎవరిదో సమాధి.
నాకు ఒక్క రాజూ తెలీదు.
ఘాటు మాత్రం తెలిసింది. గుంటూరు కారం,
పోయిన ట్రిప్పులో నేనేసిందే.

మూల కుర్చీలో ఒగురా, సరుకు తనిఖీకొచ్చిన ముసలాయన,
గొంతు సవరించుకున్నాడు. అంతే.
"నువ్వు మాట్లాడకు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.
ఆ పూట వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.
ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు
అందులో ఏదో మునిగినట్టు.

నామ్ లేచి గోడ మీది పటం దగ్గరికెళ్ళి
రెండు దేశాల నడుమ సముద్రం పేరుని
బొటనగోటితో గీకేశాడు.
కాగితం లేచిపోయింది.
ఇప్పుడక్కడ తూర్పూ లేదు, జపానూ లేదు,
మా గోడ సున్నం ఉంది.

వాళ్ళు వెళ్ళాక
లాంచీ సరంగు గరికిన దానయ్యని అడిగాను:
"మన సముద్రానికి పరాయోళ్ళ పేరుంది, నీకు కోపం రాదా?"
"ఏ పేరు బాబూ?"
"బంగాళాఖాతం."
"అదా. తుపానొచ్చినప్పుడు రేడియోలో ఇంటాను.
మిగతా రోజుల్లో సంద్రమే."

నవ్వుకున్నాను. మనమే నయం అనుకున్నాను.
అలా అనుకున్నవాణ్ణే
పోయిన శ్రావణంలో కాన్వెంట్ జంక్షన్ టీబడ్డీ దగ్గర
బరంపురం కుర్రాడు జెనా మీద నోరు చేసుకున్నాను.
వాడన్నది ఇంతే: "ఈ ఊరు ఒకప్పుడు కళింగం, మాదే."
నాకు చెవులు కాలాయి. సగం టీ పారబోసి
ఆరో తరగతిలో చదివి మర్చిపోయిన రాజుల్ని
నేనూ తవ్వి తీశాను.
వాడు మూటెత్తుకు పోయాడు.
ఆ వీపు ఇంకా కనిపిస్తూ ఉంటుంది.

బీచిలో మనం గెలిచిన యుద్ధానికి స్తూపం ఉంది.
చిన్నప్పట్నుంచీ దానికి సెల్యూట్ కొడతాను, ఇప్పుడూ.
అవతల నీళ్ళ అడుగున
పరాయి జలాంతర్గామిలో కుర్రాళ్ళున్నారు.
పేర్లు రాసుకునే ఉద్యోగం నాది.
ఒక్కరి పేరూ అడగలేదు.

ఆ రాత్రి ఇండెంటులో ఇలా రాశాను:
క్యాబేజీ నలభై కిలోలు. కల్లుప్పు అయిదు.
కారం మూడు. వెల్లుల్లి రెండు.
ఊరాక ఏమవుతుందో రాయలేదు.

తెల్లారి లాంచీలో సరుకు సర్దుతుంటే
వాళ్ళు మర్చిపోయిన జాడీ
మూత కింద పొంగి కారుతోంది.
దానయ్య వేలితో తీసి నాకాడు.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికే.
"బాగుంది. ఎవులిది బాబూ?"

గేటు పాసు వెతుకుతున్నట్టు
జేబులు తడుముకున్నాను.