సాలె

కొలత కొలతే. మొదలు తప్పింది నేనే.

మాజిన్ అనే పిలగాడు, పన్నెండేండ్లు ఉంటయేమో,
తెల్ల దిష్‌దాషా జేబుల మడతబెట్టిన కాగితం,
చేతిల పెరుగు డబ్బా, మూతకు సూదితో పొడిసిన బెజ్జాలు.
"దీనికి ఇల్లు కావాలె" అన్నడు,
సగం హిందీల, సగం సైగల.
డబ్బాల అరిచెయ్యంత సాలెపురుగు.
ఎండిన జొన్నచొప్ప రంగు వీపు, నల్లటి కాళ్లు.
సముద్రాల అవుతలి ఎడారిదట.
ఇబ్రిల ఎడారికేం తక్కువైందని
ఇంకో ఎడారి నుంచి తెప్పిచ్చుకున్నరో, నేనడుగలే.

చేపలతొట్టి లెక్క నిలువుగ చేసిన.
ఆరు మిల్లీల అద్దం, అంచులు నున్నగ గీకి,
ఎనిమిది రియాల్లు.
మూడో రోజు మళ్ల వచ్చిండు, కండ్లల్ల నీళ్లు.
అద్దం ఎక్కుతదట, జారుతదట.
నీటిబుడగ అసొంటి పొట్ట,
జానెడు పైనుంచి పడితే పగులుతదట.
"ఎత్తు వద్దు, లోతు కావాలె."
పరంజ మీద పదేండ్లు నిలవడ్డోన్ని,
ఆ మాట నాకు వేరే చెప్పాల్నా.

విప్పిన. బ్లేడుతో సిలికాన్ కోసి, అద్దం సగానికి కొట్టి,
పొడుగు మూడు జానలు, ఎడల్పు రెండు, ఎత్తు జానెడున్నర,
అందుల ముప్పాతిక మన్నే.
జాలి మూత వద్దు, గోర్లు చిక్కి కాళ్లు ఊడుతయి.
యాక్రిలిక్ పలకకు సన్నటి డ్రిల్లుతో డెబ్బై రెండు బెజ్జాలు.
సిలికాన్ పులుపు వాసన పోయేదాక
రెండు దినాలు షెడ్డుల ఉండనిచ్చిన.
ఈసారి పైసలు తీసుకోలే.

మన్ను సంగతి మాత్రం నేనే చెప్పిన.
వాడు వాదీ నుంచి బకెట్ నిండ ఇసుక మోసుకొచ్చిండు,
"ఎడారి పురుగు గద!"
పిడికిలి పట్టి సూపిచ్చిన. ఇడువంగనే జారిపాయె.
ఇసుకల గుంట నిలువది, బిడ్డా.
గుంట సంగతి నాకెర్క.
మా నాయిన గుంటమగ్గం మీద నేసెటోడు, సిరిసిల్ల పక్కన,
నడుము దాక భూమిల, కాళ్లు చీకట్ల.
గోడలకు రేగడి, ఊక, పేడ కలిపి మెత్తేది,
ముప్పై వానకాలాలు ఒక్క పెల్ల రాలలే.
గదే లెక్క:
రెండు పాళ్లు వాదీ బురద, రెండు పాళ్లు కొబ్బరి పొట్టు,
ఇసుక ఒక్క పాలు, నీ ముచ్చట కోసం.
తడిపి, పిడికిలితో గుద్ది, వారం ఆరబెట్టినం.
అన్ని దినాలు అది పెరుగు డబ్బాలనే.
మూలకు పగిలిన పూలకుండి సగం బోర్లిచ్చి
దాని కింద బొటనవేలితో ఓ దారి.
నీళ్లకు లబన్ సీసా మూత.
ఏసీ గాలి తగలని గోడకు పెట్టుమన్న.
ఎండ దానికి ఎర్కే,
ఈ సలి ఎర్క లేదు.

నేను చేసిన దారిని అది కన్నెత్తి సూడలే.
ఇంకో మూలకు, దాని ఇష్టం, దాని గుంట.

నెలకు పిలగాడు ఉరికొచ్చిండు.
సచ్చిపోయింది, బయటికొస్తలేదు, తింటలేదు.
పికప్‌ల పోయిన. మోకాళ్ల మీద కూసొని సూసిన.
గుంట మూతికి తెర.
తెల్లగ, సన్నగ, పడుగేదో పేకేదో తెల్వకుండ.
"తవ్వి సూద్దామా?"
వద్దన్న.
గుంటల దిగినోన్ని పనిల ఉన్నప్పుడు పిలువద్దని
మా అవ్వ మమ్ముల గెదిమేది.

నలభై రోజులకు అగ్గిపెట్టెల దూది మీద
దాని పాత తోలు తెచ్చి సూపెట్టిండు,
ఎనిమిది కాళ్లూ, గోర్లతో సహా.
తోలు సూసి చెప్పిండ్రట, ఆడదట,
ఇంకో ఇరవై ఏండ్లు బతుకుతదట.
నా వీసాకు పదకొండు నెలలున్నయి.
"మీ భాషల దీన్నేమంటరు?"
సాలె, అన్న. మా ఇంటోల్లను గూడ గదే అంటరు.
వాడు నోట్లె తిప్పుకుంటున్నడు,
సాలె, సాలె,
అప్పుడే లోపలి నుంచి సూపర్‌వైజర్ ఒర్రిండు:
"సాలే! షవర్ అద్దం ఎవడు కోస్తడు?"

పిలగాడు నన్ను సూసిండు, అగ్గిపెట్టెను సూసిండు.
"దాన్నా, నిన్నా?"