సూదంటురాయికి అంటని పైస

పెద్దాయన పేరు మీద బిళ్ళ కొట్టనీకె
ఢిల్లీల బిల్లు పాసయ్యిందని రేడియోల చెప్పిండ్రు.
ఎంత తూకముండాలె, ఎండి ఎంత కలపాలె,
అంచుకు ఎన్ని గీతలు గియ్యాలె,
అన్నీ చట్టంల రాసిండ్రంట.
బిల్లుకూ బిళ్ళకూ నడుమ
నాలిక మడతంతే తేడా అని
విరూపాక్షం సారు నవ్విండు.

నేను బీచుపల్లి కాడ టెంకాయలమ్ముత.
కర్నూలు బస్సు బ్రిడ్జి ఎక్కంగనే
కిటికీలకెల్లి చేతులు బయటికొస్తయి,
రూపాయలు కృష్ణలకు దుంకుతయి.
మా తమ్ముని కొడుకు కుర్మూర్తి
తాడుకు సూదంటురాయి కట్టి
పుట్టిల నిలవడి గుంజుతడు.

పెద్దాయన ఒకపారి ఈ బ్రిడ్జి మీద ఆగిండు.
అప్పటికింక పెద్దాయన కాలే,
ఓట్లకొచ్చిండు. తెల్ల కారు, ఎనక ఊరంత దుమ్ము.
కాలువ తెస్తనని చెప్పి
ఏటికి దండం వెట్టి చారాణా ఇసిరిండు.
మా నాయిన ఉసేనప్ప,
తాడు లేదు, రాయి లేదు,
దోతి గోచి వెట్టి దునికిండు.
పిడికిలెత్తుకోని పైకి తేలినప్పుడు
జనమంత సప్పట్లు గొట్టిరి.
ఇద్దరిల ఎవలకు గొట్టిరో
ఇప్పటికీ తెల్వదు.

నాయిన ఆ చారాణాను దాచలే.
ఇటిక్యాల సంతల ఉప్పుకింత, బీడీలకింత,
ఆ పూటనే పోయింది.
సచ్చేదాక ఒక్కటే ముచ్చట:
"ఆయన పైస చెల్లింది బిడ్డా."
కాలువ సంగతి
నేనడగలే, ఆయన చెప్పలే.

మొన్న విరూపాక్షం సారు
పోస్టుల తెప్పించుకున్న నీలం డబ్బ తెచ్చిండు.
లోపట మకమల్ గుడ్డ, నడుమ పెద్దాయన.
ముక్కు మంచిగ కుదిరింది.
గడ్డం కింది మడతలు తీసేసిండ్రు.
నూరు రూపాయలని రాసుంది,
నాలుగు వేల పైన వడ్డదంట.
"దీనికి ఎన్ని టెంకాయలియ్యాలె సారూ?" అన్న.
"ఇది ఖర్చువెట్టేది కాదమ్మా, దాచుకునేది."
పది రూపాయల బిళ్ళ ఇస్తెనే
కండక్టరు మొకం తిప్పుకునే ఊరు మాది,
నేనేమనాలె.

గట్టుకొచ్చిన కుర్మూర్తి
తడి చేతులతోనే రాయి దగ్గరికి వట్టిండు.
అంటలే.
తిప్పి వట్టిండు. అంటలే.
"దొంగ బిళ్ళ సారూ!"
సారు ఎండి గురించి, రాగి గురించి
బడిల చెప్పినట్టు చెప్పిండు.
పోరడు అంత ఇన్నడు,
నీళ్ళ దిక్కు జూసిండు.
"అయితె ఇది ఏట్ల పడితె
మాకు దొరకదు."
డబ్బ మూత టక్కున పడ్డది.

పొద్దుగూకినంక లెక్క జూసుకున్నం.
రూపాయలు పదకొండు, రెండ్రూపాయలవి నాలుగు,
ఒక బోల్టు, సగం ఇరిగిన తాళంచెవి.
దొడ్డు ఉప్పుకు సరిపోతయి,
దుకాణం కట్టెయ్యక ముందు పోతె.